నాలుక మడిస్తేనే ‘ళ’

పొద్దున్నే పై వాటావాళ్ల కోడలు వాళ్ల అత్తగారికి పేపరు చదివి వినిపిస్తుంది. గుడివాడలో మేముంటున్న ఈ ఇంట్లో ఏ మాటా దాగదు. కిటికీ తెరిస్తే పోపు వాసనా, ఆ అమ్మాయి గొంతూ కలిసి కిందికి దిగుతాయి. ఇవాళ కాలువలకు నీరు వదిలే వార్త చదువుతూ ఆమె ‘నీల్లు’ అంది. కుర్చీలో కూర్చున్న నా నాలుక కొస నాకు తెలియకుండానే వెనక్కి మడతపడి అంగిలికి తగిలింది. గదిలో ఎవరూ లేకపోయినా ‘నీళ్లు’ అన్నాను. వెంటనే సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొచ్చిన రోజు నాకిక వేరే పని సాగదు.

మాది దివిసీమలో, కోడూరు దగ్గర ఊరు. మా తాతగారికి పదకొండు బీరువాల పుస్తకాలుండేవి. నాకు ఊహ తెలిసేసరికి పొలం కోర్టు దావాల్లో కరిగిపోతోంది. మిగిలింది రొయ్యల చెరువులైంది, అవీ మావి కావు. ఇల్లు కూడా చేతులు మారాక నాన్నగారు, నేను, నా భార్య బందరులో రెండు గదుల వాటాకు చేరాం. చివరికి మిగిలిన ఒక్క బీరువాను పెట్టుకునే చోటు లేక అక్కడి గ్రంథాలయానికి ఇచ్చేశాం. దాని తలుపు మీద తాతగారి పేరున్న ఇత్తడి రేకు ఉండేది. కొన్నాళ్లకు అదే గ్రంథాలయంలో నాకు చిన్న ఉద్యోగం దొరికింది. బీరువాతో పాటు కొడుకునీ ఇచ్చేశారని మా ఊళ్లో నవ్వుకున్నారట. నవ్వుకోనీ అనుకున్నాను. మెడ మాత్రం దించలేదు. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉండేది. అందులో పుస్తకం కావాలంటే ఎవరైనా నన్ను అడగాల్సిందే.

తొంభైల్లో సువార్తమ్మ గారు లైబ్రేరియన్‌గా బదిలీ మీద వచ్చారు. నలభై అయిదు దాటిన మనిషి. పొట్టిగా ఉండేవారు. నూలు చీర, చంకలో నల్ల గొడుగు. వచ్చిన మొదటి వారం ఎవరికీ ఏ పనీ చెప్పలేదు. పాఠకులు సంతకాలు పెట్టే పుస్తకాలు ముందేసుకుని పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చున్నారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచారు.

“ఇటు చూడండి. ఈయన సంతకం మొదట్లో గీత మీద నిటారుగా ఉంది. కొన్నాళ్లకు గీత దిగింది. తర్వాత పక్క గడిలోకి వెళ్లింది. ఆ తర్వాత అసలు లేదు. ఏమయ్యారీయన?”

“పోయుంటారండీ. పెద్దాయన.”

“ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. అలా పేరు రాని వాళ్లందరినీ నేను మనసులో చంపేసి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. “రేపు గొడుగు తెచ్చుకోండి, వెళ్లి చూద్దాం” అన్నారావిడ.

వారం రోజులు ఎండలో బందరు వీధులన్నీ తిరిగాం. ఇద్దరు తప్ప అందరూ బతికే ఉన్నారు. ఒకాయన తలుపు తీసి, మేం వచ్చిన పని విని, “నేను పోయానన్నదెవరమ్మా, మా కోడలా?” అని అడిగారు. లోపలి నుంచి కోడలు, “నాకంత అదృష్టమా మావయ్యగారూ!” అంది. ఆ ఇంట్లో కాఫీ తాగి గానీ కదలనివ్వలేదు. ఎందుకు రావడం మానేశారంటే ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు. ఒకరికి గ్రంథాలయం ముందున్న మూడు మెట్లూ మూడు కొండలు. ఒకరికి గంటకోసారి లేవాలి, అక్కడ దొడ్డి తలుపుకు తాళం. ఒకాయనకు ఇష్టమైన పుస్తకాలన్నీ అట్టడుగు అరలో ఉన్నాయి. వంగితే లేవలేరు. ఎవరినైనా తీసిపెట్టమనడానికి మొహమాటం. అందుకని చేతికందిన పుస్తకమే పట్టుకుని కొన్నాళ్లు చదివారట. “పెరటి కూరగాయల పెంపకం నాలుగుసార్లు చదివానమ్మా. మాకు పెరడు లేదు” అన్నారు.

సువార్తమ్మ గారు ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. మెట్ల పక్కన ఏటవాలుగా చెక్క వేయించారు. దొడ్డి తాళం తీయించారు. చేతులున్న కుర్చీలు సంపాదించారు. పెద్దవాళ్లు చదివే పుస్తకాలన్నీ నడుము ఎత్తు అరలోకి మార్పించారు. మధ్యాహ్నం ఒక గంట ‘నిశ్శబ్దం’ బోర్డు గోడకు తిప్పేసేవారు. ఆ గంటలో చూపున్న పెద్దలు చూపు తగ్గిన వాళ్లకు చదివి వినిపించేవారు. చెవులూ తగ్గినవాళ్లు కావడంతో ఆ గోల వీధి దాకా వినిపించేది. కదలలేని వాళ్లకు గురువారం గురువారం మేమే పుస్తకాలు తీసుకెళ్లేవాళ్లం. సంచీ నా భుజాన ఉండేది. మా తాతగారి మనవణ్ణి, ఇల్లిల్లూ సంచీ మోయడమేమిటని మొదట్లో ఆవిడకు పది అడుగులు వెనక నడిచేవాణ్ణి.

మా బీరువా దగ్గర మాత్రం అడ్డం పడ్డాను. అడుగు అరలో తాతగారు బైండు చేయించిన పాత మాసపత్రికలున్నాయి. వాటినీ పైకి మార్చమన్నారావిడ.

“అవి అక్కడే ఉండాలండీ. మా తాతగారు సర్దిన వరస అది. కావాల్సినవాళ్లు వంగి తీసుకుంటారు.”

“వంగలేని వాళ్లు రెండు రకాలండీ. నడుము వంగని వాళ్లకు నేను అర మార్చగలను. రెండో రకానికి నా దగ్గర మందు లేదు” అని, ఆవిడ చెయ్యి చాపారు. తాళంచెవి ఇచ్చేశాను.

ఆ రెండో రకం మనిషి మా ఇంట్లో ఇంకొకరున్నారని నాకు తెలియదు. ఒక గురువారం మంచినీళ్లకని ఆవిడ మా వాకిట్లో ఆగారు. నాన్నగారు వసారాలో పుస్తకం తిరగేస్తున్నారు. వీధిలోకి వచ్చాక ఆవిడ, “మీ నాన్నగారికి చూపు పోయింది. మీకు చెప్పలేదా?” అన్నారు. రోజూ చదువుతూనే ఉంటారన్నాను. “రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి తిరిగాయండీ. ఆయన ఆగలేదు” అన్నారు.

ఇంటికొచ్చి నిలదీస్తే నాన్నగారు పుస్తకం మూసేశారు. ఆపరేషన్‌కు ఆలస్యమైపోయిందని డాక్టరు చెప్పి ఏడాది అయిందట. నేను చదివి పెడతానంటే, “నాకు ఇంకొకరు చదివి పెట్టాలా?” అన్నారు. ఆ మర్నాటి నుంచి పుస్తకం పట్టుకున్నట్టు నటించడం కూడా మానేశారు. మాట తగ్గింది. అన్నం తగ్గింది. గోడకేసి కూర్చునేవారు. ఆ మనిషి నా కళ్లెదుటే ఆరిపోతున్నారు.

తర్వాతి గురువారం సువార్తమ్మ గారు మా బీరువాలోని ఒక మాసపత్రికల బైండు తీసుకుని వచ్చారు. “మాస్టారూ!” అన్నారు వాకిట్లోంచే. నాన్నగారిని ఎవరూ అలా పిలవలేదు ఎప్పుడూ. ఊళ్లో ఆయన దొరగారు. బందరులో ఏమీ కారు.

“ఎవరమ్మా నువ్వు?”

“లైబ్రేరియన్నండీ. మాది మీ పక్క ఊరే. మా అమ్మ మీ చేలల్లో నాట్లు వేసేది. నాకో సాయం కావాలి మాస్టారూ. పెద్దవాళ్లకు చదివి వినిపించాల్సి వస్తోంది. నాకేమో ఉచ్చారణ సరిగ్గా రాదు. మీ ముందు చదువుతాను. తప్పులుంటే దిద్దండి.”

నాన్నగారు గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. “ఏదీ, చదువు” అన్నారు.

పాతకాలపు పడవ ప్రయాణం గురించిన వ్యాసమది. ఆవిడ చదవడం మొదలుపెట్టి రెండో వాక్యంలోనే ‘ఊరి కల’ అన్నారు.

“కల కాదు, కళ. నిద్రలో వచ్చేది కల. మొహాన ఉండేది కళ. నాలుక మడవాలి.”

“కల...”

“మడవమ్మా! నడుం వంగకపోయినా ఫరవాలేదు, నాలుక వంగాలి!”

లోపల నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నెలల తర్వాత ఆ ఇంట్లో నాన్నగారి గొంతు పెద్దగా వినిపించింది. ఆ పూట రెండోసారి అన్నం అడిగి వేయించుకున్నారు. ఆ తర్వాత ప్రతి గురువారం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని కూర్చునేవారు. “ఇవాళైనా కాళ్లను కాళ్లంటుందో లేదో మీ లైబ్రేరియను” అనేవారు. ఏడాదిన్నర గడిచింది. బైండ్లన్నీ పూర్తయ్యాయి. కాళ్లు మాత్రం ‘కాల్లు’గానే ఉండిపోయాయి.

ఒకరోజు సంచీలో పెట్టడం మరచిపోయిన పుస్తకం ఇవ్వడానికి రిటైరైన నర్సు ఒకావిడ ఇంటికి వెళ్లాను. లోపల సువార్తమ్మ గారు చదువుతున్నారు. గడప దగ్గరే ఆగిపోయాను. కళ్లు, వేళ, పళ్లెం, ఊళ్లు. ప్రతి ‘ళ’ గంట కొట్టినట్టు పలుకుతోంది. ఆఫీసులోనూ ఆవిడ అలాగే మాట్లాడి ఉండాలి. అన్నేళ్లూ ఆవిడ చెప్పిన పనులు విన్నాను తప్ప ఆవిడ మాట వినలేదు.

బయటికి రాగానే అడిగాను. “మా నాన్నగారిని ఆట పట్టిస్తున్నారా?”

“వినమంటే ఆయన వినరండీ. దిద్దమంటే దిద్దుతారు. వేరే దారి దొరకలేదు.” గొడుగు విప్పి, కాస్త దూరం నడిచాక మళ్లీ అన్నారు. “చిన్నప్పుడు బళ్లో ‘కాల్లు’ అన్నానని పంతులు అరిచేతులు వాచేలా కొట్టాడు. మీ వాళ్లకు ఈ నాలుక తిరగదే అన్నాడు. రాత్రుళ్లు దుప్పట్లో నేర్చుకున్నాను ఆ అక్షరం. దాన్ని పారేసుకుని చదవడం నాకు తేలిక అనుకున్నారా?”

ఆ రోజు మొదటిసారి ఆవిడ పక్కన నడిచాను.

మరుసటి ఏడు ఆవిడకు బదిలీ అయింది. ఆఖరి గురువారం మొదటి రోజు చదివిన బైండే తెచ్చారు. అదే వ్యాసం తెరిచారు. నాన్నగారు చెయ్యెత్తి ఆపారు.

“ఇవాళ నాకోసం తప్పులొద్దు. మీకు వచ్చినట్టే చదవండి, సువార్తమ్మ గారూ.”

ఎప్పుడు కనిపెట్టారో నేను అడగలేదు. ఆవిడా అడగలేదు. ఆ పేజీ మీద కాసేపు చెయ్యి వేసి ఉంచి, చదివారు. ‘ఊరి కళ’ అన్నప్పుడు నాన్నగారు తల ఊపారు. తర్వాత ఒక్క మాటా అడ్డు రాలేదు. కళ్లు మూసుకుని ఆ వ్యాసమంతా విన్నారు. తన జీవితంలో ఆయన ఒకరి మాటను చివరిదాకా వినడం నేను అదొక్కసారే చూశాను.

నాన్నగారు పోయినప్పుడు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నేను రిటైరై గుడివాడ వచ్చాక వాకబు చేస్తే, ఆవిడ పనిచేసిన చోట ఎవరికీ చిరునామా తెలియదన్నారు. కోడూరు బస్సెక్కి వాళ్ల ఊరు కూడా వెళ్లాను. ఆ ఇంట్లో వేరే వాళ్లున్నారు. ఆవిడ సంతకం ఇప్పుడు ఏ గీత మీద ఉందో, గీత దిగిందో. ఎండలో గొడుగు వేసుకుని వెళ్లి చూడటానికి వీధి కూడా తెలియదు.

నా కళ్లలో కూడా పొర కమ్మి రెండేళ్లయింది. పెద్ద అక్షరాలు తప్ప కనబడవు. “మీకూ చదవనా మావయ్యగారూ?” అని పై వాటా అమ్మాయి రెండుసార్లు అడిగింది. అక్కర్లేదమ్మా, నేను చదివేసుకున్నాను అని రెండుసార్లు అబద్ధం చెప్పాను.

ఇవాళ గోడ పట్టుకుని మెట్లెక్కాను. పధ్నాలుగు మెట్లు. నన్ను చూసి ఆ అమ్మాయి చదవడం ఆపి కుర్చీ జరిపింది. “నాకు కనబడదమ్మా. మొదటి నుంచి చదువుతావా?” అన్నాను. చదివింది. మళ్లీ ‘నీల్లు’ అంది. నా నాలుక పైకి లేచింది. మెల్లగా కిందికి దించుకుని, చివరిదాకా విన్నాను.