చేపలామె మూటలో బూడిద

కొత్తవలసలో మా పాసింజరును ఆపి గంట దాటింది. కిరండూల్ గనుల నుంచి ఇనుపరాయి గూడ్సు వచ్చి పోతేగాని కదలదట. అరవైల చివర, ఆ లైను కొత్తలో మాట. అనంతపురం వాణ్ణి, ఆ ఉక్కపోత నా వల్ల కాలేదు. లేచి తలుపు దాకా వెళ్ళడం, తిరిగొచ్చి చేతిలోని ఇంగ్లీషు నవల తెరవడం, మళ్ళీ మూయడం.

ఎదురుగా చేపల గంపతో కూర్చున్న పెద్దామెకు నన్ను చూసి విసుగేసినట్టుంది. "ఏటి బాబూ ఆ పుస్తకంలో? సదవవు, ఒగ్గవు," అంది.

చెప్పాను. ఎక్కడో పసిఫిక్ సముద్రంలో చిన్న దీవి. తెల్లదొరలు పరీక్షకని దూరంగా అణుబాంబు పేల్చారు. కాసేపటికి దీవి మీద తెల్లటి బూడిద కురిసింది. పిల్లలు అందులో ఆడుకున్నారు.

"మరీ అంత తెలివితక్కువ జనం," అన్నాను చిరాగ్గా.

"తెలివితక్కువేటి? ఊరికే వచ్చిన బూడిద. సేపలు జారకుండా తోమడానికి నాకు రోజూ సాలదు. నేనైతే కుండకెత్తీసుకుందును."

"అది విషం అమ్మా. వాళ్ళకి ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి, జుట్టు ఊడిపోయింది."

"ఇసమని ఆళ్లకి ముందుగా ఎవలేనా సెప్పినారా?"

"లేదు."

గూడ్సు బోగీలు ఒక్కొక్కటే పక్కనుంచి పోతున్నాయి. ఆమె గంపకు కట్టిన చిన్న మూట విప్పింది. చేపలు కోసేటప్పుడు వాడే బూడిద. చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, నా వైపు తిరిగింది.

"ఇది మా పొయ్యిలోదే బాబూ," అంది.