కొంగ చెప్పిన లోతు

మా పాప చెప్పుల్ని కుళాయి కింద పెట్టగానే చెరువు బురద వాసన గుప్పుమంది. నాచు, చేపలు, తడిసిన పశువులు కలగలిసిన వాసన. చింతామణిలో మా ఇంటి గచ్చు మీదే నిలబడి ఉన్నాను గానీ, మనసు మాత్రం గూళూరు దగ్గర మా ఊరి చెరువు కట్టెక్కి రామక్కవ్వ పక్కన కూర్చుంది.

రామక్కవ్వ మాకు చుట్టం కాదు. ఆ చెరువుకు నీరుగంటి. అంటే తూము తీసి ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసే మనిషి. భర్త చేసిన పనిని ఆయన పోయాక తాను పట్టుకుంది. మనిషి పొట్టి, చేతిలో వెదురు కర్ర పొడుగు. నేను పిరికిదాన్ని. మా అమ్మ నాకంటే పిరికిది. బట్టలు ఉతకడానికి వచ్చినప్పుడు నన్ను కట్ట మీద కూర్చోబెట్టి, "అవ్వా, దీన్ని నీళ్ల దగ్గరికి పోనీయొద్దు" అనేది. "పోనీయను లేమ్మా. నీళ్లే దీని దగ్గరికొస్తే మాత్రం నన్నడగొద్దు" అనేది అవ్వ. అమ్మ అటు తిరగగానే నా చెయ్యి పట్టుకుని నీటి అంచుకు దింపేది.

"ఇది మనోళ్లు మట్టి మోసి కట్టిన చెరువు పాపా. దీని అడుగు మనకి తెలీకపోతే ఎట్ల?" అంటూ కర్రతో పక్షుల్ని చూపించేది. తెల్ల కొంగ నిలబడిన చోట దాని కాళ్లు ఎంత మునిగాయో చూడాలి, అంతే లోతు. బొల్లికోళ్లు ఈదుతున్నాయంటే అక్కడ వాటికి కాలు అందదు. "ఆ నీటికాకి మునుగుతాండాదే, ఆడికి నువ్వు పోనే వద్దు" అనేది. అది పైకి లేచి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంటే, "అచ్చం మీ అమ్మ చీర ఆరేసినట్లే" అని నవ్వేది.

ఏడేళ్ల వయసులో ఆ చదువంతా వచ్చేసిందనుకుని, ఒక కొంగ ఎగిరిపోగానే అది నిలబడిన చోటికి నేనే నడిచాను. నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. బురద మాత్రం మోకాళ్ల దాకా లాగేసింది. అరిచాను. అవ్వ పరుగెత్తలేదు. నింపాదిగా వచ్చి కర్ర చాచి, "వెనక్కి కూర్చోమ్మే, కూర్చుంటే దిగవు" అంది. చెప్పు ఒకటి పోయింది, నేను బయటపడ్డాను.

"కొంగ అబద్ధం చెప్పింది" అని ఏడ్చాను.

"పాపం, అదేం చేసింది? అది నీ బరువుండాదా? లోతు కొంగని అడగల్ల, బురద ఎనుముని అడగల్ల" అంది. ఎనుములు, అంటే గేదెలు, దిగే దారి చూపించి, అప్పుడే, ఆ తడి లంగాతోనే, మళ్లీ నీళ్లలోకి నడిపించింది. "భయమేస్తాండాది అవ్వా" అంటే, "భయపడు, ఎవురు వద్దన్యారు? కండ్లు తెరుచుకోని భయపడు" అంది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఈ ఆదివారం చెరువు నిండిందని తెలిసి నేనూ మా ఆయనా ఐదేళ్ల పాపను తీసుకుని వెళ్లాం. చిక్కబళ్ళాపురం నుంచి కూడా పక్షుల్ని చూడ్డానికి కార్లలో వచ్చారు. నేను పక్షుల్ని చూడనేలేదు. పాప మణికట్టును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. "అమ్మా, చెయ్యి నొస్తాండాది" అంది పాప. "అది చెరువులో పడే లోపల దాని చెయ్యి ఊడి నీ చేతికొస్తాది చూడు" అన్నాడు మా ఆయన.

నవ్వొచ్చింది. కళ్లు తెరిచి చూశాను. ఎనుములు రెండు గిట్టలు కూరుకోకుండా ఒడ్డెక్కుతున్నాయి. వాటి పక్కనే కొంగ చీలమండ లోతులో నిలబడి ఉంది. చెయ్యి వదిలాను. పాప చెప్పులతోనే నీళ్లలోకి ఒకటి, రెండు, మూడు అడుగులు వేసింది. కొంగ ఎగిరిపోయింది. కొంగ కాళ్లు చూస్తే లోతు తెలుస్తుందని దారిలోనే చెప్పి ఉన్నాను, అందుకే పాప అక్కడే ఆగి నా వైపు తిరిగింది.

"అది పాయె. ఇంక లోతు ఎవురు చెప్తారమ్మా?"

"నేను చెప్తా, ఉండు" అని చీర కాస్త ఎత్తి పట్టుకుని దానికంటే ముందుకు నడిచాను. భయం మాత్రం పోలేదు. పాప ఒంగి, నా కాళ్లు ఎంత మునిగాయో శ్రద్ధగా చూసింది. చూశాకే అడుగు వేసింది.

పాప చెప్పులు కడగడం అయింది. నావి గుమ్మం దగ్గర బురదతో అలాగే ఉన్నాయి. రేపు కడుగుతాను.