గూడెం నుంచి గొళ్ళెం పట్టుకుని కొల్లేటి గట్టు దాకా

జనవరి మొదటి శనివారం నేను హడావిడిగా కొల్లేటి వైపు పరిగెత్తడానికి కారణం నా బద్ధకం. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది. మా చెల్లెలి భర్త దేవదానానికి ట్రాక్టరుంది. గణపవరం దాటాక కొల్లేటి అంచున వాళ్ళ ఊరు. అక్కడి చేపల చెరువులకి మేత బస్తాలు తోలుతుంటాడు. నిరుడు తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డులో ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు చేయించుకున్నాడు. వాళ్ళ ఊరికి ఉత్తరాలు ఆలస్యంగా అందుతాయని షెడ్డువాళ్ళకి ఏలూరులో మా ఇంటి అడ్రసిచ్చాడు. ఆ షెడ్డు నుంచి వచ్చిన కవరు ఏ క్యాలెండరు ప్రకటనో అనుకుని, క్రిస్మస్ గ్రీటింగు కార్డుల మధ్య పడేసి నాలుగు రోజులు విప్పలేదు. హోంవర్కు చెయ్యలేదని పిల్లల్ని గోడకుర్చీ వేయించే టీచర్ని, నా నిర్వాకం ఇదీ!

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి విప్పి చూద్దును కదా, "మీ ట్రక్కు వెనక తలుపు గొళ్ళెంలో లోపం ఉంది. గతుకుల్లో దానంతటదే ఊడవచ్చు. మార్చేదాకా దయచేసి మనుషుల్ని ఎక్కించకండి. ఉచితంగా మారుస్తాం" అని ఉంది. ఆ సాయంత్రం నాలుగింటికే గణపవరం చర్చిలో దేవదానం చెల్లెలి పెళ్ళి. పెళ్ళికూతుర్ని ముందుగా కారులో పంపించి, మిగతావాళ్ళంతా ఒంటిగంటకి ఆ ట్రక్కులో బయల్దేరాలని ఏర్పాటు. వారం ముందే అక్కడికి వెళ్ళిన మా అమ్మ కూడా అందులోనే ఎక్కుతుంది. మా వైపు ట్రక్కులో వెనక తలుపు దగ్గర చోటు పెద్దవాళ్ళకి వదులుతారు. ఎక్కిన చోటే కూర్చోవచ్చు, ఇంజను పొగ తగలదు, వీపుకి ఆనుడుంటుంది. డెబ్బై దాటిన మా అమ్మ ఎప్పుడెక్కినా ఆ తలుపుకి చేరగిలబడే కూర్చుంటుంది.

దేవదానం సెల్లుకి పదిసార్లు చేశాను. ఆ చెరువుల్లో సిగ్నలు ఉండి చస్తేగా! ఉత్తరంలో ఉన్న నంబరుకి చేస్తే షెడ్డు మేస్త్రి మస్తాన్‌గారు ఎత్తారు. "మనుషుల్ని మాత్రం ఎక్కించకండి మేడంగారూ. కొత్త గొళ్ళేలు తయారుగా ఉన్నాయి. బోల్టులేనండి, వెల్డింగక్కర్లేదు. మీరొస్తే ఇచ్చేస్తాను" అన్నారు. వట్టి కబురు మోసుకెళ్తే పెళ్ళి బండిని ఎవరూ ఆపరు, గొళ్ళెం కూడా చేతిలో ఉంటే నయమనుకుని స్టేషనుకి పరిగెత్తాను.

ఏలూరు నుంచి గూడేనికి పాసింజరు రైల్లో మామూలుగా గంట ప్రయాణం, టిక్కెట్టు పది రూపాయల లోపే. ఆ రోజు మాత్రం ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలని భీమడోలులో ఇరవై నిమిషాలు ఆపేశారు. కిటికీలోంచి సిగ్నలు స్తంభాన్ని చూస్తూ దాన్ని తిట్టని తిట్టు లేదు. గూడెంలో దిగేసరికి పదకొండు. ఉల్లిపాయల మార్కెట్టు దాటాక ఉన్న షెడ్డుకి ఆటో పదిహేను రూపాయలు తీసుకున్నాడు.

మస్తాన్‌గారు పాత గొళ్ళెం ఒకటీ, కొత్తదొకటీ పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదాని పిన్ను అరంగుళం పొట్టి. "సరుకు నమ్మి, కొలవకుండా బిగించేశానండి. తప్పు నాదే" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "ఉత్తరం ముక్క రాసి పడేస్తే సరిపోతుందా? మనిషిని పంపొద్దా?"

"ఊళ్ళల్లో వాళ్ళందరికీ మనిషినే పంపేనండి. మీది ఏలూరు అడ్రసు కదా, చదువుకున్నవాళ్ళు, అందిన రోజే చూసుకుంటారనుకున్నాను."

"అయితే ఆ కొత్తది ఇలా ఇవ్వండి" అన్నాను తల దించుకుని. ఆయన పానాల సంచీ భుజాన వేసుకుని, "పదండి, నేనే వచ్చి బిగిస్తాను" అన్నారు. ఆ మాటకి సగం ప్రాణం లేచొచ్చింది.

గణపవరం బస్సు పదకొండూ నలభైకి దొరికింది. ఇద్దరికీ టిక్కెట్లు నేనే తీశాను, తలా పది రూపాయలు. పెంటపాడు దాటాక రోడ్డుకి రెండు పక్కలా దాళ్వా వరినాట్లు పడుతున్నాయి. ముందు ధాన్యం బస్తాల ట్రాక్టరొకటి అడ్డం. "కాస్త తొందరగా పోనివ్వండి బాబూ, పెళ్ళికి వెళ్ళాలి" అని డ్రైవరుగారిని బతిమాలాను. "ఆ బస్తాలాయన కూడా ఎక్కడికో వెళ్ళాలి కదండీ" అన్నాడాయన తాపీగా. గణపవరంలో దిగేసరికి పన్నెండూ నలభై. అక్కణ్ణుంచి చెరువు గట్ల మీదుగా ఊళ్ళోకి ఆటో అరవై రూపాయలు. ఆ దారిలో నీళ్ళ మీద గూడబాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయని మస్తాన్‌గారు తర్వాత చెప్పారు. నేను మాత్రం గడియారం తప్ప ఏమీ చూడలేదు.

ఒంటిగంటయింది. ఒంటిగంటా పదయింది. "బయల్దేరిపోయి ఉంటారా?" అంటే ఆటో అతను, "కంగారుపడకండి. దారి ఇదొక్కటేనండి. బయల్దేరితే మనకి ఎదురవ్వాలి కదా" అన్నాడు. ఎదురవ్వకుండా చూడు దేవుడా అని దణ్ణం పెట్టుకున్నాను.

ఊరి మొదట్లో ట్రక్కు కనబడింది. జనం నిండుగా ఎక్కేశారు. ట్రాక్టరు స్టార్టు చేసే ఉంది. వెనక నేల మీద స్టూలు, స్టూలుకి చెరో పక్క మా అమ్మా, దేవదానం వాళ్ళమ్మ రత్నమ్మగారూ.

"మీరెక్కండి వదినగారూ. ఆ తలుపు దగ్గర చోటు మీదే."

"అయ్యో, ఎంత మాట! పెళ్ళికూతురి తల్లి మీరు. మీరుండగా నేనక్కడ కూచుంటే ఏం బావుంటుందండీ?"

"ఆడపిల్లనిచ్చిన వదినగారు మీరు. మిమ్మల్ని మూలన కూచోబెడితే నలుగురూ నన్నేమంటారండీ?"

దేవదానం తల పట్టుకుని, "ఇరవై నిమిషాల్నించీ ఇదే వరస, వదినగారూ! మీరైనా చెప్పండి" అన్నాడు నాతో.

నేను వెళ్ళి అమ్మని కావిలించుకుని బావురుమన్నాను. "శుభమా అని పెళ్ళికి వెళ్తుంటే ఆ ఏడుపేంటే?" అని అమ్మ నన్ను విదిలించింది.

సంగతి చెప్పి అందర్నీ దిగమంటే సణుగుడు మొదలైంది. "తాడేసి కట్టేస్తే పోలా?" అన్నాడొక పెద్దాయన. దేవదానం మాత్రం మొహం పాలిపోయి నిలబడ్డాడు. "నిన్న మేత బస్తాలతో వస్తుంటే ఓసారి తలుపు ఊడిందండి. నేనే సరిగ్గా వెయ్యలేదనుకున్నాను" అన్నాడు మెల్లగా. మస్తాన్‌గారు రెండు మేత బస్తాలు తెప్పించి ఆ తలుపుకి ఆనించి పెట్టించారు. పాత గొళ్ళెమే వేసి, "మీరొక్కరే తోలండి, ముందు రోడ్డు కింద ఉన్న ఆ తూము దాటండి" అన్నారు దేవదానంతో.

తూము మీద చక్రం ఎగిరి పడింది. తలుపు దబ్బున కిందికి వాలింది. ఒక బస్తా రోడ్డు మీద పడి పిగిలింది. రెండోది దొర్లుకుంటూ వెళ్ళి కాలవలో పడింది. రత్నమ్మగారు మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

కొత్త గొళ్ళెం బిగించడానికి అరగంట పట్టింది. ఆయన మళ్ళీ బస్తాలు ఆనించి, తూము మీదుగా మూడుసార్లు అటూ ఇటూ తోలించారు. తలుపు కదల్లేదు. అప్పుడు మిగతావాళ్ళంతా ఎక్కారు. ఎక్కాక, నమ్మండి, వియ్యపురాళ్ళిద్దరూ స్టూలు దగ్గర మళ్ళీ మొదలెట్టారు. "ఇందాక నాకోసం నిలబడ్డారు, ఇప్పుడైనా మీరు కూచోండి వదినగారూ..."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరికన్నా ముందు ఎక్కి ఆ తలుపుకి వీపానించి నేనే కూర్చున్నాను. చెరో పక్కా కూర్చోండి, ఇంక నోరెత్తారంటే పెళ్ళి మానేసి వెళ్ళిపోతానన్నాను. కూర్చున్నారు. తూము దగ్గరికి వచ్చేసరికి నా ధైర్యమంతా జారిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఒళ్ళంతా ఎగిరిపడింది. వీపు వెనక ఇనుము అలాగే ఉంది. కళ్ళు తెరిచేసరికి అమ్మ నన్ను దాటి రత్నమ్మగారితో, "కాళ్ళు చాపుకోండి వదినగారూ" అంటోంది.

మూడున్నరకి చర్చి చేరాం. భోజనాల దగ్గర వంటాయన వడ్డిస్తూ, "ఏవండీ, పొద్దుట్నించీ ఏం తిన్నట్టు లేరే?" అని కొర్రమీను పులుసు ఇంకో గరిటె వేశాడు. మస్తాన్‌గారు మా పక్కనే కూర్చుని తిన్నారు.

మా గోదావరి మర్యాదల్ని నేను జన్మంతా ఎగతాళి చేశాను. ఆ రోజు ఆ ఇద్దరిలో ఒక్కరు కాస్త మొహమాటం మానేసి ఎక్కేసి ఉంటే, ఆ తూము దగ్గర కాలవలో పడింది బస్తా అయ్యేది కాదు. ఆ తలంపు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ లేచి అమ్మకి ఫోను చేస్తుంటాను. "ఏమే, మళ్ళీ ఏమైంది?" అంటుంది. ఏమీ కాలేదని చెప్పడం ఎంత హాయిగా ఉంటుందో!

కొల్లేటి వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. చలికాలంలో పొద్దున్నే బయల్దేరండి, గణపవరంలోనే టిఫిను చేసెయ్యండి. గట్ల మీద ఎవరి ట్రక్కైనా ఎక్కాల్సి వస్తే, తలుపు వేశాక లోపల్నించి గట్టిగా ఒక తన్ను తన్ని చూడండి. బండివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.