గౌరప్ప పెట్టిన తోక గుర్తు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో మా ప్రెస్సుకి వచ్చిన పెళ్ళికార్డు ఏదైనా గౌరీశ్వరి కంట పడకుండా అచ్చుకి వెళ్ళదు. నేను కంప్యూటర్ మీద టైపు చేస్తాను, ఆమె ప్రూఫు దిద్దుతుంది. నాకు పని నేర్పింది కూడా ఆమే. చుట్టరికం ఏమీ లేకపోయినా గౌరప్పా అని పిలుస్తాను. మా వైపు అక్కని అప్ప అనే అంటాం.

ఆమెది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే వరహాలుని పెళ్ళి చేసుకుని ఇటు వచ్చింది. కూతురు రాణి ఇంకా పాలు మానకముందే అతను జ్వరమొచ్చి పోయాడు. పిల్లని చంకనేసుకుని మా ప్రెస్సు గుమ్మం ఎక్కింది. రాణి మా కాగితపు బొత్తుల మధ్యే పాకింది, నడిచింది, దువ్వాడ కాలేజీలో డిగ్రీ కూడా పూర్తి చేసింది.

గౌరప్పకి ప్రూఫు దిద్దడం నేర్పింది మా ప్రెస్సులో అంతకుముందు ఆ పని చేసిన మోహనకృష్ణ మాష్టారు. గోదావరి జిల్లా ఆయన, ఇప్పుడు లేరు. అక్కర్లేని మాట మీద గీత కొట్టి, మార్జిన్‌లో సున్నా చుట్టి తోక లాగితే, ఆ మాట తీసెయ్యమని అర్థం. ప్రెస్సులో అందరం దాన్ని తోక అంటాం. మాష్టారు మాత్రం ఊరుకునేవారు కాదట.

"దాని పేరు డీలీ అమ్మా. లాటిన్ మాట. ఎదురుగా ఉన్నవాడికి 'చెరిపెయ్' అని ఆజ్ఞ. ఊళ్ళకి ఊళ్ళు నాశనం చెయ్యడానికి కూడా వాళ్ళు ఆ మాటే వాడేవారు. నువ్వు చుట్టేది సున్నా కాదు, పాత చేతిరాతలో ఆ మాట మొదటి అక్షరం. అందుకని పెట్టేముందు కాస్త ఆగు."

పొరపాటున తోక పెడితే దానికీ విరుగుడుంది. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెట్టాలి. చుక్కలు పెడితే 'ఉండనీ' అని. ఎవరి పేరు మీదైనా తోక పెట్టాల్సి వస్తే గౌరప్ప ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి అడుగుతుంది.

మొన్న రాణికి పెళ్ళి కుదిరింది. కార్డు మేటరు రాణే రాసి తెచ్చింది. 'కీ.శే. వరహాలు, శ్రీమతి గౌరీశ్వరి గార్ల ఏకైక కుమార్తె' అని. నేను టైపు చేసి ప్రూఫు ఇస్తే, గౌరప్ప ఆ లైను దగ్గరే ఉండిపోయింది.

"ఊరందరి పేర్లూ దిద్దినాను గానీ, నా పేరు అచ్చులో సూడ్డం ఇదేనే సూరమ్మా," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

ప్రూఫు ఓకే చెయ్యడానికి రాణి, వాళ్ళ పెదనాన్న నూకరాజు కలిసి వచ్చారు. కన్యాదానం చేసేది ఆయనే. కళ్ళజోడు సర్దుకుని చదివి, మొహం చిట్లించాడు.

"ఏటమ్మా ఇది? శుభమా అని కార్డేత్తన్నాం, ముండమోసినోళ్ళ పేరు పైనుంటే పెళ్ళోరు ఏటనుకుంటారు? నానేదో సెడ్డ సెప్తన్నాననుకోకు. తీసీ."

నాకు ఒళ్ళు మండింది. పోయినవాడికి కీర్తిశేషులని బిరుదిచ్చి మరీ నిలబెడతారట! కని, ఒక్కతీ పెంచినదాని పేరు మాత్రం పనికిరాదట! ఏదో అనబోయాను. గౌరప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆమె ఆయన్ని చూడలేదు, రాణిని చూసింది. ఎర్రపెన్ను తీసి పేరు మీద గీత కొట్టింది. మార్జిన్‌లో సున్నా చుట్టి తోక లాగింది. ఒక్కరే మిగిలారు కాబట్టి 'గార్ల'ని 'గారి'గా కూడా దిద్దింది. అప్పుడు పెన్ను మూత పెట్టకుండా, ప్రూఫుతో పాటు కూతురి ముందుకి జరిపింది.

చుక్కల సంగతి రాణికి తెలుసు. చిన్నప్పుడు పాడైన ప్రూఫుల మీద తల్లి గీతలు కొడితే, కింద చుక్కలు పెట్టి ఉండనీ, ఉండనీ అని ఆడుకున్న పిల్ల. రాణి ప్రూఫులో ముహూర్తం లైను చూసుకుంది. పెళ్ళికొడుకు చదువు సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

"పెదనాన్న సెప్పినట్టే కానీయమ్మా. ఇప్పుడు గొడవెందుకు?" అని, అదే పెన్నుతో కింద ఓకే అని సంతకం పెట్టింది.

వాళ్ళు వెళ్ళాక పేరు తీసేశాను. తీశాను గానీ, ఆ చోటు మూసెయ్యడానికి చెయ్యి రాలేదు. వరహాలు పేరుకీ 'గారి'కీ మధ్య ఖాళీని అలాగే వదిలేసి ఆఖరి ప్రూఫు తీశాను. చూసినవాళ్ళైనా ఇక్కడెవరు ఉండాలని అడుగుతారని నా పంతం.

గౌరప్ప చదివింది. ఖాళీ దగ్గర ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొంగుతో ఒత్తుకుంది. ఖాళీకి పైనొక వంపు, కిందొక వంపు గీసింది. అంటే దగ్గరికి జరపమని.

"తీసీసినాక కాళీ ఉంచకూడదని నీకు నానే గదే నేర్పినాను. జరిపీ, సూరమ్మా."

జరిపాను. మధ్యలో ఒక మనిషి ఉండేదని ఇప్పుడా కార్డు చూసిన ఎవరికీ తెలియదు.