పుచ్చుకోని వాయనం

వేడి పెనానికి వంకాయ ముచ్చికతో నూనె రాస్తే లేచే వాసన గల్ఫ్‌లోని ఈ అల్ నహ్దా ఫ్లాట్ల వరండా చివరిదాకా పాకుతుంది. ఇవాళ కాలేజీ నుంచి వచ్చి లిఫ్టు దిగగానే అది తగిలి, నాకు పన్నెండేళ్ళప్పటి, 2020 నాటి అట్లతద్ది గుర్తొచ్చింది.

ఆ ఏడు నానమ్మ అమలాపురం నుంచి నెల్లాళ్ళుండి వెళదామని వచ్చి, "విమానాలు ఖలాస్" అని నాన్న చెప్పిన రోజు నుంచీ మాతోపాటే ఇరుక్కుపోయింది. ఒక్క హాల్లోనే నాన్న ఆఫీసు మీటింగులు, నా ఆన్‌లైన్ క్లాసులు, పులుస్తున్న పిండి, నానమ్మ దగ్గు, కిటికీ తీస్తే ఎదురు బిల్డింగు ఏసీల వేడిగాలి. అవన్నీ ఓర్చుకుంది కానీ కూతుళ్ళ తగువు మాత్రం ఓర్చుకోలేకపోయింది. అమెరికాలో స్థిరపడి ఓట్లు కూడా తెచ్చుకున్న మా పెద్దత్త, చిన్నత్త అంతకుముందు ప్రతి శుక్రవారం ఒకే వీడియో కాల్లోకి వచ్చి ఎవరి ఆవకాయ ఎర్రగా ఉందో చూపించుకుని నవ్వేవాళ్ళు. ఆ ఏడు అక్కడి ఎన్నికల్లో ఒకరు ఏనుగు గుర్తు పార్టీ, ఒకరు గాడిద గుర్తు పార్టీ అయిపోయి మాటలు మానేశారు. విడివిడిగా మాకే ఫోన్లు చేసేవారు. అమ్మ ఈవిడకీ "అవునొదినా", ఆవిడకీ "అవునొదినా" అనేది. ఇక్కడా అక్కడా ఓటు లేని మాకు ఆ ఎన్నికలతో పీకలమీదికొచ్చింది.

"ఈ బిల్డింగులో పాకిస్తానావిడా, మలయాళీ ఆవిడా, మనమూ ఒక్క లిఫ్టులో దిగట్లేదేంటే? వాళ్ళిద్దరికీ అంత దేశం చాల్లేదా?" అనేది నానమ్మ.

అట్లతద్ది సరిగ్గా ఎన్నికల వారంలోనే పడింది. తెల్లారకుండానే గోంగూర పచ్చడీ పెరుగన్నం, సత్వా బజార్లో కొన్న పొడితో గోరింటాకు, ఉయ్యాలకని బాల్కనీ గ్రిల్లుకి చీర కట్టబోతే "మమ్నూ", కుదరదంటూ వాచ్‌మన్ కేకలు. సాయంత్రం బిల్డింగుల సందులో చంద్రుడొచ్చాడు. అమెరికాలో ఇంకా పొద్దున్నే. "చంద్రుడు ఒక్కడేగా, ఇక్కడ కనబడితే చాలు," అని నానమ్మ తీర్పు చెప్పి, బతిమాలి బామాలి ఇద్దర్నీ ఒకే కాల్లోకి లాక్కొచ్చింది. ఏటా పెద్దత్త చిన్నత్తకి వాయనం ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ. పెద్దత్త తరఫున అమ్మ అట్ల పళ్ళెం పట్టుకుంది. చిన్నత్త తరఫున నేను ఓణీ కొంగు చాచాను.

"ఇస్తినమ్మ వాయనం," అంది పెద్దత్త.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి చిన్నత్త. అనలేదు. పెద్దత్త వెనక గోడమీద పార్టీ జెండా ఉంది.

"ముందు ఆ జెండా తియ్యమనమ్మా."

"నా ఇల్లు, నా గోడ."

"ఒక్క మాటేనే తల్లీ, అనెయ్యవే," అంది నానమ్మ. నా చేతులు పీకుతున్నాయి, దించడానికి లేదు. తెరమీద చిన్నత్త మాయమైంది, వెనకే పెద్దత్త. నానమ్మ ఏడవలేదు, అట్లు చల్లారిపోయాయని అమ్మని విసుక్కుంది. నాకు మాత్రం ఆ ఇద్దరిమీదా పట్టరాని కోపం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నానమ్మ ఊరు చేరిన మరుసటి వేసవిలో కరోనాతో పోయింది. కూతుళ్ళిద్దరూ వెళ్ళలేకపోయారు, ఎవరింట్లో వాళ్ళు ఏడ్చారు. అమెరికా మళ్ళీ ఓట్లేసింది. శుక్రవారం కాల్ లేదు, మా ఇంట్లో వాయనాలూ లేవు, అట్లు ఊరికే తినడానికే. అత్తలిప్పుడు నాకే ఫోన్ చేస్తారు, విడివిడిగా. ఒకరి కబురు ఇంకొకరి దగ్గర జారకుండా నోరు కట్టుకుని మాట్లాడతాను. పెట్టేసేముందు ఇద్దరూ గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు: "అదెలా ఉందే?"

ఒకరి పేరు ఒకరు పలకరు. "బావుందత్తా," అంటాను. అంతకుమించి నేను ఒక్క మాట అన్నా ఫోన్ పెట్టేస్తారు.