కర్పూరం మరలో పిన్ని మందు

బర్మాలోని యాంగోన్ వెళ్ళడానికి అది మంచి సమయం కాదని అందరూ అన్నారు. సైన్యం గద్దెనెక్కింది, జనం తిరగబడ్డారు, విమానం ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అయినా అక్కడి పేట పజుండౌంగ్‌లో ఉన్న మా పిన్నికి కేన్సర్ ఎముకల్లోకి పాకిందని, డాక్టర్ల సమ్మెతో నొప్పి మందు దొరకడం లేదని తెలిశాక ఆగలేకపోయాను. చీటీ లేకపోతే ఆ మందు ఇక్కడా ఇవ్వమన్నారు, ఒట్టి చేతులతోనే వెళ్ళాను. విమానాశ్రయం నుంచి ట్యాక్సీవాడు అక్కడి డబ్బులో పన్నెండు వేల చాట్లు అడిగాడు. సైనికుల ఇసుక బస్తాల అడ్డంకి కనబడగానే డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో, "ఫోన్లో ఫొటోలుంటే తీసెయ్యి అక్కా" అన్నాడు. తామ్వే మీదుగా చుట్టు తిప్పి, పదకొండింటికి దించాడు.

బాబాయిది హారతి కర్పూరం దుకాణం. వెనక గదిలో చేత్తో తిప్పే చిన్న మర ఉంది. పొడి పోసి పిడి తిప్పితే కడ్డీ దిగి బిళ్ళ కడుతుంది. నేను వెళ్ళేసరికి ఆయన దాన్ని వేడినీళ్ళతో కడుగుతున్నారు. పక్కన పళ్ళెంలో లేతాకుపచ్చ పొడి, నొప్పి మందుకి బదులు గంజాయి పూలను జల్లిస్తే రాలింది. అక్కడా అది నేరమే.

"పొడిగా ఎడితే దగ్గొచ్చి ఊసేస్తంది. బిళ్ళయితే మింగుద్దమ్మా" అన్నారు.

కర్పూరం కడుపులోకి పోకూడదని నా భయం. వాసన చూస్తే ఇంకా ఉంది. మళ్ళీ కడిగాం. ఆయన పొడి పోస్తుంటే పిడి నేనే తిప్పాను.

మంచం మీది పిన్ని మొహం తిప్పేసుకుంది. "దేవుడి మరలో ఆ పాడు సరుకేటయ్యా? నాకొద్దు."

"శివుడు తీసుకోడేటే?" అన్నారు బాబాయి.

"ఆయనకి సెల్లుద్ది. నానేటి, శివుణ్ణా?" నవ్వబోయి నడుం పట్టుకుని అరిచింది. ఆ అరుపుకి బాబాయి చేతిలో నీళ్ళు ఒలికాయి. కాసేపటికి తనే చెయ్యి చాపింది. బిళ్ళ నోట్లో వేసుకుని, "కర్పూరం కంపు. బతికుండగానే హారతిచ్చేస్తన్నావా?" అంది.

మధ్యాహ్నం దాటాక నిద్రపోయింది. ఇంట్లో మూలుగు ఆగింది. బాబాయి గుమ్మంలో కూలబడ్డారు.

"ఇంక ఆ మరతో కర్పూరం సెయ్యను."

"మరి దేవుడికి?"

"ఆయనకి నొప్పి నేదు గదమ్మా."

ఆ బిళ్ళే పనిచేసిందో, ఒళ్ళు అలిసి కన్ను మూతపడిందో ఇప్పటికీ తెలియదు. అది వైద్యమని చెప్పను, మీరు చెయ్యకండి. పిన్ని ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. పిడి తిప్పింది సరైన పనేనా అని ఇంకా అనుకుంటూనే ఉంటాను. అయినవాళ్ళ కోసం అటు వెళ్ళేవారు ముందు ఫోను చెయ్యండి. ఏం తేవాలి అని అడిగితే "ఏటీ ఒద్దు" అంటారు. అలా కాక, అక్కడ ఏమేం దొరకడం లేదో అడగండి.