పూయని లైలాక్, అమ్మ కత్తెర

మా చిన్నప్పుడు... దేశం కాని దేశంలో, మేముండే విండ్సర్‌లో అక్టోబర్ రాగానే నాన్న పాత చలికోటు తొడుక్కుని, అమ్మ కత్తెర పట్టుకుని పెరట్లోకి దిగేది. మా లైలాక్ పూలచెట్టుకు గుండు చేసే రోజన్నమాట! కొమ్మలన్నీ నా ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకు కూడా దూసేసేది. నేను పుల్లలు ఏరి సంచిలో వేసేదాన్ని.

అమ్మ పుట్టింట్లో మల్లెపొదకు అలాగే చేసేవాళ్ళట. చలికాలంలో ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తే, ఎండలు మొదలయ్యేసరికి విరగబూసేదట. మరి విండ్సర్‌లో మల్లెలెక్కడివి? అందుకే వేసవి చివర ఈ ఇల్లు కొన్నప్పుడు, పెరట్లో ఉన్నది వాసనపూల చెట్టని తెలిసి అమ్మ పొంగిపోయింది. తన పెరటి పూలు తన జడలో పెట్టుకోవాలని ఆశ... పెద్ద కోరికేం కాదు, పాపం.

కానీ ఏటా మే నెలలో కంచె అవతల డోరతీ ఆంటీ చెట్టు గుత్తులు గుత్తులుగా పూసేది... మాది ఒట్టి ఆకులే. ఆ వాసన వంటింట్లోకి వస్తుంటే అమ్మ కిటికీ మూసేసేది.

"ఈ మట్టికి నేనంటే గిట్టదండీ... వెనక్కి వెళ్ళిపోదాం" అని ఒకసారి నాన్న దగ్గర ఏడ్చేసింది. నాకు భయమేసింది. నా స్కూలు, నా స్నేహితులు అంతా ఇక్కడే కదా!

ఆ ఏడు సెప్టెంబర్ చివర తమ్ముడు పుట్టాడు. వీసా రాక అమ్మమ్మ రాలేకపోయింది. నాన్నే పథ్యం వండిపెట్టి, "పచ్చి బాలింతవి, ఈ చలిలో గడప దాటావంటే ఊరుకోను" అని అమ్మను కట్టడి చేశాడు. "ఆ చెట్టు సంగతి కాస్త చూడండీ" అని అమ్మ గొణుగుతూనే ఉంది. నాన్న చూస్తేగా!

మరుసటి మేలో ఒక పొద్దున, తమ్ముణ్ణి చంకనేసుకుని పెరటి తలుపు తీసిన అమ్మ అక్కడే నిలబడిపోయింది. చెట్టు నిండా ఊదారంగు గుత్తులు...

కంచె దగ్గర డోరతీ ఆంటీ నవ్వుతోంది. "ఈసారి కత్తిరించలేదుగా, అందుకే! వచ్చే ఏటి మొగ్గలు ఈ వేసవిలోనే కట్టేస్తాయి. నువ్వు ఏటా వాటినే తీసేస్తున్నావు" అంది ఇంగ్లీషులో.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అని అమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది.

"అది మీ ఆచారమేమో అనుకున్నా... వద్దంటే బాగుండదని!"

అమ్మ ముందు తెల్లబోయింది. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. రెండు గుత్తులు తుంచి ఒకటి తన జడలో, ఇంకోటి ఆంటీ చెవి వెనక పెట్టింది. వెనక్కి వెళ్ళిపోదామన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఇప్పుడు నేనుండే మార్కమ్‌లో మా ఇంటి చుట్టూ తలకంటే ఎత్తు చెక్క కంచె. పక్కింటివాళ్ళ పేరు కూడా తెలియదు. మొన్న అక్టోబర్‌లో మేడమీది కిటికీలోంచి చూస్తే, ఆ పక్కింటావిడ తన లైలాక్ కొమ్మలు టకటకా కత్తిరించేస్తోంది. మనకెందుకులే, వాళ్ళ ఆచారమేమో అనుకోబోయాను... అంతలోనే నాకు నవ్వొచ్చి, చెప్పులేసుకుని వెళ్ళి వాళ్ళ తలుపు కొట్టాను.

అప్పటి కంచె మీద మోచేతులు ఆనించి మాట్లాడుకునేవాళ్ళం... ఇప్పుడు మాట్లాడాలంటే వీధి చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇంతకీ, మీ పక్కింటి చెట్టుకు ఏం పూలు పూస్తాయో మీకు తెలుసా?